నలభై ఆరు కిలోల మేక

గర్రా ఇరవై అయిదు కిలోలు ఉంటుంది. వానలు బాగా పడిన ఏడైతే ఇరవై ఏడు. ఈ మాట నేను తూకం చూసి చెప్పడం లేదు. బార్లీ గోనె యాభై కిలోలు. సగం గోనె చంకన వేసుకుంటే నా నడుము ఎంత వంగుతుందో, గర్రాను ఎత్తుకున్నా అంతే వంగుతుంది. పదిహేనో ఏట ఈ గుడారానికి కోడలిగా వచ్చినప్పటి నుంచి గోనెలూ మేకలూ మోస్తూనే ఉన్నాను. ముప్ఫై అయిదేళ్లయింది. నా నడుము అబద్ధం చెప్పదు. మా ఇంట్లో అబద్ధాలు చెప్పేవాళ్లు వేరే ఉన్నారు.

ఇంకా కచ్చితంగా కావాలంటే తాడుంది. మేకజుట్టుతో మా అమ్మ పేనిన తాడు. రెండు జానల దాకా నున్నగా ఉంటుంది, అక్కడి నుంచి రెండు వేళ్లకో ముడి. ప్రతి వసంతంలో, పొద్దున్నే, నీళ్లకు తోలకముందు, ముందుకాళ్ల వెనక జుట్టు పాయ తీసి, ఆ తాడు ఛాతీ చుట్టూ బిగించి చూస్తాను. ఆరో ముడికి రాని ఆడమేకపిల్లను పోతు దగ్గరికి పోనివ్వను. తొమ్మిదో ముడి అంటే సగం గోనె బరువు. మా మందలో తొమ్మిదో ముడి అందుకున్నవి నాలుగే మేకలు. వాటిలో గర్రా ఒకటి. నుదుట తెల్లమచ్చ, మెడలో గంట. అది ముందు నడిస్తే మిగతా నలభై దాని వెనక నడుస్తాయి.

ఇంత తెలిసినదాన్ని ఆ రోజు ఎవరూ అడగలేదు. అడక్కపోతే పోయారు, నేనైనా నోరు తెరవలేదు. జరిగినదానికి నాకు అందరి మీదా కోపమే. ఆ అందరిలో నేనూ ఉన్నాను.

ఆ శీతాకాలం వాన చుక్క లేదు. మేకలు ఎముకల గూళ్లయ్యాయి. పైనున్న దట్టమైన నల్లజుట్టు వల్ల అలా కనపడేవి కావు, అంతే. దానికి తోడు ముక్కుల్లో పురుగు పడింది. తుమ్ముతూ, తల విదిలిస్తూ, ముట్టె రాళ్లకేసి రాసుకుంటూ మేత మానేశాయి. లోయలో పశువుల డాక్టరు తిరుగుతున్నాడని విని మా ఆయన లాఫీ, లోయలో అందరికీ అబూ ఖలఫ్, కబురు పెట్టాడు. డాక్టరు పేరు నిదాల్. ముప్ఫై ఏళ్లు లేని పట్నం కుర్రాడు. పికప్ దిగుతూనే విషయం తేటతెల్లంగా చెప్పాడు.

"మందుంది అబూ ఖలఫ్. కానీ మేక బరువు చూసి పట్టాలి. తక్కువైతే పురుగు చావదు, ఎక్కువైతే మేకకే చేటు. తూకం యంత్రం మీ కొండెక్కదు కాబట్టి టేపు తెచ్చాను. ముందుకాళ్ల వెనక, జుట్టు పక్కకు తీసి, బిగించి చుట్టాలి. నీళ్లు తాగకముందు కొలవాలి. ఇన్ని సెంటీమీటర్లకు ఇన్ని కిలోలని ఈ కాగితంలో ఉంది."

తెర వెనక, ఆడవాళ్ల వైపు, రొట్టెపిండి కలుపుతూ అంతా విన్నాను. మా అమ్మ చెప్పిన మాటలే అవి. కుర్రాడికి పని తెలుసే అనుకున్నాను.

పని తెలిసినవాణ్ణి చెయ్యనిస్తే కదా! టేపు పట్టుకుని లేవబోతే మా ఆయన చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టేశాడు.

"ఎక్కడికయ్యా? నా గుడారంలో అడుగుపెట్టిన అతిథి మేకల మధ్య వంగి పనిచేస్తాడా? లోయంతా నా మొహాన ఉమ్మెయ్యదూ? నువ్వు కాఫీ తాగు. కొలతలు మేం అరుస్తాం, నువ్వు రాసుకో."

"నేనే కొలిస్తే మంచిదండీ."

"కూర్చో నాయనా. నా పరువు తియ్యకు."

డాక్టరు కూర్చున్నాడు. చిన్నవాడు, పెద్దవాళ్ల మాట కాదనలేకపోయాడు. మొదటి గిన్నె తాగాడు, రెండోది తాగాడు. డాక్టరు వచ్చేముందే నేను బావి నుంచి తోలుకొచ్చిన మేకలు దొడ్లో నిలబడి ఉన్నాయి. రెండు రోజుల దాహం మీద నీళ్లు తాగి వచ్చినవి. మా నల్లమేక రెండు రోజులు ఎండి వచ్చిందంటే ఒక్క నిలువున ఎనిమిది లీటర్లు లాగేస్తుంది, పొట్ట రెండు పక్కలా ఉబ్బిపోతుంది. నీళ్లు తాగకముందు కొలవాలని డాక్టరు చెప్పిన మాట మా ఆయనకు గుర్తుంది. ఎందుకు పాటించలేదో కూడా చెబుతాను. దొడ్డి నా పొయ్యి వెనకే కాబట్టి, మా ఆయనా, మా మరిది సువైలిమూ గుసగుసలాడుకున్న ప్రతి ముక్కా నా చెవిన పడింది.

"అన్నా, టేపు వెనక్కి జరుపు. పొట్ట మీదికి," అన్నాడు సువైలిమ్.

"ముందుకాళ్ల వెనక అన్నాడు కదరా."

"వాడంటాడు. ఈసారి సర్కారు ఇచ్చే బార్లీ మేక తలకింత కాదంట, మేక కిలోకింతంట. పక్క లోయలో చెప్పుకుంటున్నారు. బరువులు పుస్తకంలో ఎక్కించుకుపోవడానికే తిరుగుతున్నారు."

"మందు కోసం అన్నాడుగా?"

"మందు ఓ వంక. ఆఫీసు పుస్తకం మన లోయకు వచ్చి బార్లీ దగ్గర తేలకుండా ఎప్పుడైనా పోయిందా? టీకాలకని రాసుకుపోయిన పుస్తకం చూసే కదా పోయినసారి బార్లీ పంచారు? చెప్పు."

"మరి మందు కూడా ఎక్కువ పడుతుందేమోరా?"

"పడనీ. పురుగు రెండుసార్లు చస్తుంది."

ఇద్దరూ నవ్వారు. తర్వాత మా ఆయన, మేకజుట్టు మీద, నీళ్ల పొట్ట మీద, వదులుగా టేపు చుట్టి, గుడారం వైపు తిరిగి గొంతెత్తాడు.

"గర్రా! ఎనభై నాలుగు!"

లోపలి నుంచి కాగితం చప్పుడు. "నలభై ఆరు కిలోలు," అన్నాడు డాక్టరు. "మాషా అల్లా! ఈ కరువులో కూడా మీ మేకలు భలే ఉన్నాయే అబూ ఖలఫ్!"

"అంతా మా ఉమ్మ్ ఖలఫ్ చేతి చలవ," అన్నాడు మా ఆయన.

ఉమ్మ్ ఖలఫ్ అంటే ఖలఫ్ అమ్మ, అది నేనే. ఖలఫ్ నా పెద్దకొడుకు. సొంత పేరు తర్ఫా అయినా పిలిచేవాళ్లు లేరు. ఆ పొగడ్త విని నేనేం చేశానో తెలుసా? రొట్టె తిరగేశాను. గర్రా బరువు నాకు తెలుసు, నలభై ఆరు విన్నాను, రొట్టె తిరగేశాను. నలభై ఆరు కిలోల మేకకు ఎంత బార్లీ వస్తుందో మనసులో అనుకున్నాను కూడా. వేసవంతా మేకలు కడుపునిండా తింటున్నట్టు కళ్ల ముందు కనపడింది. ఆ క్షణం గుర్తొస్తే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

మా మందతో ఆగలేదు. మా వెనక గుడారం సబ్హాది. మొగుడు పోయిన మనిషి, తొమ్మిది మేకలే ఆమె ఆస్తీ, తిండీ. "పాపం, దానికీ నాలుగు గింజలు రానీ" అని మా ఆయన ఆ తొమ్మిదింటినీ అలాగే కొలిచి అరిచాడు. ఆయన చేసిన దానధర్మం అది.

డాక్టరు దగ్గర ఒక్క సీసా మందే మిగిలింది. రాసుకున్న బరువుల ప్రకారం అది పద్దెనిమిది మేకలకు సరిపోతుందని తేల్చాడు. దేనికెంతో కాగితం మీద రాసి, సిరంజి ఇచ్చి, నోట్లో ఎలా పట్టాలో చూపించాడు. మిగతావాటికీ సబ్హా మేకలకూ వచ్చే గురువారం ఇంకో సీసా తెస్తానని వెళ్లాడు. మర్నాడు పొద్దున మా ఆయన పద్దెనిమిది మేకలకూ మందు పట్టాడు. మందను నడిపేది కదా అని గర్రాకు ఒక గుక్క ఎక్కువే పోశాడు.

నాలుగో రోజు కొండ దిగుతున్నాం. దారి ఒకచోట రాతి అంచు మీదుగా పోతుంది, మేక పట్టేంత సందు. అక్కడ గంట ఆగిపోయింది. ఏంటా అని ముందుకు వెళితే గర్రా అంచు మీద నిలబడి, ఒక కాలు గాల్లో పెట్టి, కింద నేల కోసం వెతుకుతోంది. నేల పక్కనే ఉంది. దానికి కనపడలేదు. దాని మొహం సూర్యుడి వైపు తిప్పాను. నల్లగుడ్లు కంటినిండా పరుచుకుని ఉన్నాయి, అంత ఎండకూ ముడుచుకోలేదు. కళ్ల ముందు చెయ్యి ఊపాను. రెప్ప వెయ్యలేదు.

దాన్ని రెండు చేతులా ఎత్తి చంకన వేసుకున్నాను. రెండడుగులు వేశానో లేదో నా నడుము చెప్పింది, సగం గోనె కూడా లేదు, ఇరవై నాలుగు. అప్పుడు గానీ నా మట్టిబుర్రకు ఎక్కలేదు. ఈ ఇరవై నాలుగు కిలోల ఒంట్లోకి నలభై ఆరు కిలోల మందు పోశారు. ఆ పైన ఇంకో గుక్క.

కిందికి వచ్చేలోపు ఇంకో నాలుగు మేకలు రాళ్లకు కొట్టుకున్నాయి. మర్నాటికి లెక్క పదకొండుకు వచ్చింది. పద్దెనిమిదిలో పదకొండు. దొడ్లో ఒకదాని మీద ఒకటి పడుతూ, మేత మీదే నిలబడి మేత కోసం అరుస్తున్నాయి. మందు పడని ఇరవై మూడూ కులాసాగా ఉన్నాయి, తుమ్ములు తప్ప.

మా ఆయన నీలం పూసలు తెచ్చి పదకొండింటి మెడల్లోనూ కట్టాడు. పటిక కాల్చి పొగ పెట్టాడు.

"దిష్టి," అన్నాడు. "ఆ రోజు నంబర్లు గట్టిగా అరిచాం. దారిన పోయేవాళ్లు విన్నారు. ఏ కళ్లు పడ్డాయో ఏమో."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మామూలప్పుడు ఆయన్ని అబూ ఖలఫ్ అంటాను. పేరు పెట్టి పిలిచానంటే ఇంట్లో అందరూ బయటికి నడుస్తారు.

"లాఫీ, కళ్లు పడ్డం కాదు, నువ్వు పోగొట్టావు. నలభై ఆరని అరిచింది ఎవరు? దారిన పోయేవాళ్లా?"

"నెమ్మది. పక్కోళ్లు వింటారు."

"విననీ! నంబర్లు అరిచినప్పుడు లేని నెమ్మది ఇప్పుడెందుకు? గురువారం ఆ పిల్లాడు ఇంకో సీసా తెస్తున్నాడు. మిగతా ఇరవై మూడింటికీ, సబ్హా తొమ్మిదింటికీ ఆ దిక్కుమాలిన కాగితం చూసే పట్టేస్తాడు. వాడు రాగానే నంబర్లు తప్పని చెప్పు."

"ఏమని చెప్పాలి? నా పొయ్యి దగ్గర నా కాఫీ తాగినోడికి, నీతో అబద్ధమాడానయ్యా అని నా నోటితో నేనే చెప్పాలా? అతిథికి అబద్ధం చెప్పినోడని నా మనవళ్లను కూడా పిలుస్తారు."

"చెప్పకపోతే నీ మనవళ్లు తాగడానికి పాలుండవు."

"మనవాటికి సగమే పడతాలే, చూస్తాగా."

"సబ్హావి?"

మా ఆయన తలగుడ్డ సర్దుకుని బయటికి పోయాడు. సబ్హా మేకలకు సగం పట్టించాలంటే సబ్హాకు నిజం చెప్పాలి. సబ్హాకు చెబితే లోయకు చెప్పినట్టే. అందుకని ఆ తొమ్మిదింటి కళ్లూ పోయినా ఫర్వాలేదు ఆయనకు. తొమ్మిది మేకల కళ్ల కన్నా ఆయన మొహం బరువైంది!

సరే, నేనే చెబుదామని సబ్హా దగ్గరికి వెళ్లాను. మందు పట్టించకు, కొలత తప్పు అన్నాను. ఆమె నా మొహంలోకి చూసింది.

"తప్పా? లాఫీ అన్న పనులన్నీ వదిలేసి నా మేకల్ని కొలిచాడు. చదువుకున్న డాక్టరు రాసుకున్నాడు. నా మేకలు తుమ్మి తుమ్మి చస్తున్నాయి వదినా, నిన్న ఒకదాని ముక్కులోంచి రక్తం వచ్చింది. మందొద్దంటావా?"

"మందొద్దనట్లేదే. ఆ లెక్కన వద్దంటున్నా. నీ మేక నలభై మూడు కిలోలుంటుందా? నువ్వే ఎత్తుకుంటావు కదా!"

"కిలోలు నాకేం తెలుసు?" అని గొంతు తగ్గించి అంది. "నీవి గుడ్డివయ్యాయని నావి పురుగుతో చావాలా?"

ఆ మాటకు కొట్టి ఉండేదాన్నే. ఆమె చేతులు చూసి ఆగాను. మేక ముక్కు తుడిచిన రక్తం ఇంకా కొంగుకు ఉంది. ఆమె మీద కాదు నా కోపం ఉండాల్సింది.

గురువారం డాక్టరు వచ్చాడు. మా ఆయన ఎదురెళ్లి భుజం మీద చెయ్యేసి తీసుకొచ్చి కూర్చోబెట్టాడు. కాఫీ దంచే చప్పుడు. పక్కన సువైలిమ్. సబ్హా అప్పటికే తన తొమ్మిది మేకల్నీ తోలుకొచ్చి గుడారం తాళ్ల దగ్గర నిలబెట్టింది. తెరకు ఇవతల నేను. నా పక్కన గర్రా. దాని మెడ మీద చెయ్యి వేసి ఉంచాను, లేకపోతే పొయ్యిలో కాలు పెడుతుంది. ఒక్క అవకాశం ఇద్దామనుకున్నాను. ముప్ఫై అయిదేళ్ల మొగుడు కదా, ఒక్క అవకాశం.

"ఎలా ఉన్నాయండీ మేకలు?" అన్నాడు డాక్టరు.

"తుమ్ములు తగ్గాయి, అల్లా దయ. కాకపోతే కొన్నిటికి కళ్లు కొంచెం మసకేశాయి. దిష్టి అనుకుంటా."

"మసకా? ఎంత మందు పట్టారు?"

"నువ్వు రాసినంతే. చుక్క అటూ ఇటూ లేదు."

డాక్టరు కాగితం తీశాడు. చాలాసేపు చూశాడు. "బరువుకు తగినంతే రాశాను. అయితే మందు వల్ల కాదేమో. వేరే జబ్బుందేమో, తర్వాత చూస్తాను. ముందు ఈమె మేకలకు పట్టేద్దాం, పాపం పొద్దుట్నుంచి నిలబడి ఉంది." సీసా మూత తీసిన చప్పుడు. "మొదటిది నలభై మూడు కిలోలు."

మా ఆయన ఇంకో గిన్నెలోకి కాఫీ వంపుతున్న చప్పుడు.

గర్రాను ఎత్తుకుని తెర తోసుకుని మగవాళ్ల వైపు వెళ్లాను. అతిథి ఉండగా అలా వెళ్లడం నా జన్మలో అదే మొదలు. సువైలిమ్ లేచి నిలబడ్డాడు. "ఉమ్మ్ ఖలఫ్!" అన్నాడు మా ఆయన, ఆ గొంతులో బెదిరింపు ఉంది. కుడిచేత్తో దల్లా, కాఫీ పోసే కూజా, పట్టుకుని ఉన్నాడు, ఎడమ చెయ్యి ఖాళీగా ఉంది. ఆ చేతిలోకి గర్రాను విసిరినట్టే పెట్టాను.

ఎవరైనా ఏం చేస్తారు? పట్టుకుంటారు. ఆయనా పట్టుకున్నాడు. ఒక చేత్తో కాఫీ, ఒక చేత్తో గర్రా. ఒక్క చుక్క ఒలకలేదు.

"అలాగే పట్టుకో, దించకు," అన్నాను. "డాక్టరు బాబూ, కాగితంలో చూడు. గర్రా ఎంత?"

డాక్టరు కాగితం చూశాడు. మా ఆయన ఎడమచెయ్యి చూశాడు. మళ్లీ కాగితం చూశాడు.

"నలభై ఆరు," అన్నాడు.

"దాదాపు గోనె బరువు. ఒంటి చేత్తో, కూర్చుని, కాఫీ పోస్తూ గోనె మోస్తాడా ఈయన? మా ఇంట్లో గోనె మోసేది నేను! ఈయనకు గోనె బరువెంతో తెలిస్తే కదా మేక బరువు తెలిసేది!"

"ఉమ్మ్ ఖలఫ్, లోపలికి పో," అన్నాడు మా ఆయన.

"పోను. చెప్పు లాఫీ. టేపు ఎక్కడ చుట్టావు? నువ్వు చెప్తావా, నేను చెప్పనా?"

గర్రా ఆయన చేతిలోనే మొహం తిప్పి ఆయన గడ్డం వాసన చూసింది. దానికి ఆయనంటే ఇష్టం. ఆ కళ్లు ఆయన మొహానికి జానెడు దూరంలో ఉన్నాయి, ఎటూ చూడకుండా. మా ఆయన దల్లా కింద పెట్టేశాడు.

"పొట్ట మీద," అన్నాడు. "నీళ్లు తాగాక. జుట్టు మీంచి. వదులుగా."

"అన్నీనా?" అన్నాడు డాక్టరు.

"అన్నీ. ఆమెవి కూడా."

తాళ్ల దగ్గర సబ్హా నోట్లోంచి ఒక చప్పుడు వచ్చింది, మాట కాదు. తొమ్మిది మేకల తాళ్లూ గుంజి దగ్గరికి లాక్కుంది.

డాక్టరు తల పట్టుకుని కూర్చున్నాడు. అతన్ని చూసి జాలి పడే ఓపిక నాకు లేదు. "నువ్వెందుకు తల పట్టుకుంటావు? నీళ్లు తాగకముందు కొలవాలని నువ్వే చెప్పావు, పొట్టలు ఉబ్బి ఉన్న మేకలు పది బారల దూరంలో ఉన్నాయి, లేచి వచ్చి చూశావా? పరువు తియ్యకు అనగానే కూర్చుండిపోయావు. మూడు గిన్నెలు కాఫీ తాగావు. నేను లెక్కపెట్టాను. నాకూ తెలుసు, నేనూ నోరు మూసుకుని రొట్టెలు కాల్చాను. అందరం కలిసి చేశాం ఈ పని. ఇప్పుడు లే."

అతను లేచాడు. టేపు తీసుకుని మేకల వైపు నడిచాడు. ఈసారి అతిథి చెయ్యి ఎవరూ పట్టుకోలేదు. మోకాళ్ల మీద కూర్చుని, నేను తెచ్చి నిలబెట్టిన గర్రా జుట్టు పాయ తీసి, ముందుకాళ్ల వెనక టేపు బిగించాడు. అరవై ఆరు. "ఇరవై నాలుగు కిలోలు," అన్నాడు. నా తాడు వేశాను. తొమ్మిదో ముడికి ఒక్క వేలు తక్కువ. అతను తాడునూ టేపునూ పక్కపక్కన పెట్టి వేళ్లతో ముడులు లెక్కపెట్టాడు. నా మొహంలోకి చూసే ధైర్యం చెయ్యలేదు.

సబ్హా మేకల్లో మొదటిది పందొమ్మిది కిలోలే. నలభై మూడు కిలోలకని సిరంజిలోకి లాగిన మందులో సగానికి పైగా నేల మీద ఒలకబోశాడు. తెల్లని మందు, మట్టిలో ఇంకిపోయింది. సబ్హా దాన్నే చూస్తూ నిలబడింది. మిగతా ఎనిమిదింటినీ, మా ఇరవై మూడింటినీ, ఆ సాయంత్రమూ మర్నాటి పొద్దునా, ఒక్కో దాన్నీ తన చేత్తోనే కొలిచి మందు పట్టాడు. వేటికీ ఏమీ కాలేదు. తుమ్ములు పోయాయి.

వెళ్లేముందు అడిగాను. "వీటి కళ్లు?"

"రావు ఖాలా," అన్నాడు, సొంత పిన్నిని పిలిచినట్టు. పికప్ తలుపు పట్టుకుని ఏడ్చాడు. ఏడవనిచ్చాను.

పదకొండు గుడ్డి మేకల్ని ఏం చేస్తారు? ఈద్ బలికి గుడ్డిది పనికిరాదు. కసాయి వచ్చి ఎముకలు తడిమి చూసి నవ్వి పోయాడు. పైగా వాటిలో ఏడు పాలిస్తున్నాయి. పొదుగులకు కళ్లతో పనిలేదు, మేతా నీళ్లూ అందితే చాలు. అందించాలంటే ఎవరో ఒకరు ముందు నడవాలి. గర్రా గంట వెనక నడవడం తప్ప వాటికి ఇంకో దారి తెలియదు. గర్రాకు దారి కనపడదు.

గర్రా మెడలోంచి గంట విప్పి మా ఆయన ముందు పెట్టాను.

"కళ్లున్న ముప్ఫై నావి. కొండ మీదికి తోలుకుపోతా. కళ్లు లేని పదకొండు నీవి."

"మగాడు మేకలు కాస్తాడా? ఎవరైనా చూస్తే?"

"మగాడు మేకల్ని కొలిచాడుగా."

"పిచ్చిదానిలా మాట్లాడకు ఉమ్మ్ ఖలఫ్. గంట కట్టుకుని నేను బావికి పోవాలా?"

"పోకు. దాహంతో చస్తాయి. చస్తే దిష్టి తగిలిందని చెప్పు."

మొదటి రోజు కర్రతో తోలాడట. పదకొండూ పదకొండు దిక్కులకు పోయి, ఒకటి వాగులో పడి కాలు మెలిపెట్టుకుంది. రెండో రోజు గంట చేత్తో పట్టుకుని, ఎవరూ వినకుండా అంగీ కింద దాచుకుని నడిచాడట. ఆ అణిగిన చప్పుడు మేకలకు పట్టలేదు, దొడ్డి దాటలేదు. ఆ రెండు రోజులూ తొట్టిలోకి కుండతో ఆయనే నీళ్లు మోశాడు, చాల్లేదు. అవి అరుస్తూనే ఉన్నాయి. నేను ముప్ఫైని తోలుకుని వాటి పక్క నుంచే పోయాను. ఆ అరుపులు విని నా ప్రాణం ఎంత కొట్టుకుందో నాకు తెలుసు. అయినా ఆగలేదు.

మూడో రోజు మధ్యాహ్నం బావికి పైన వాలు మీద ఉన్నాను. కింద సువైలిమ్ డ్రమ్ములు నింపుకుంటున్నాడు. ఇద్దరు ముగ్గురు మగవాళ్లు, తన మేకలతో సబ్హా. గంట వినపడింది. గర్రా వస్తోందని అలవాటుగా తల తిప్పాను.

గర్రా కాదు, నా మొగుడు. నడుం తాడుకు గంట కట్టుకుని, నేల చూపులతో, నెమ్మదిగా, ఒక్కో అడుగూ గట్టిగా వేస్తూ వస్తున్నాడు. ఆయన వెనక గర్రా, ముట్టె ఆయన అంగీకి ఆనించి. దాని వెనక పది, ఒకదాని తోకకు ఒకటి అంటుకుని. బావి దగ్గర అందరూ అటు తిరిగారు. సువైలిమ్ నవ్వబోయాడు. ఇంకెవరూ నవ్వకపోయేసరికి మూతి తుడుచుకుని తన డ్రమ్ము పక్కకు లాగాడు. సబ్హా తన తొమ్మిదింటినీ జరిపి తొట్టి దగ్గర చోటిచ్చింది.

ఆయన బొక్కెన తరవాత బొక్కెన తోడి తొట్టిలో పోశాడు. పదకొండు మెడలూ ఒక్కొక్కటిగా పట్టుకుని నీళ్లలోకి ముట్టె పెట్టించాడు. పొట్టలు ఉబ్బేదాకా తాగాయి. అంతసేపూ ఆయన నడుం వంచితే చాలు, గంట మోగుతూనే ఉంది, మేకలు చెవులు నిక్కించి ఆ చప్పుడు వైపే తిరుగుతున్నాయి. అన్నీ తాగాక ఆయన దోసిలి పట్టి తాను తాగాడు.

నా కోపం తగ్గలేదు. ఇప్పటికీ తగ్గలేదు. నా ముప్ఫైని తోలుకుని నేను కొండ పైకి పోయాను. చాలా దూరం దాకా గంట వినపడింది.